కొత్త జిల్లా, పాత జాబితాలు

2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడింది. గుంటూరు జిల్లా మూడుగా విడిపోతే, నరసరావుపేట కేంద్రంగా 28 మండలాలు ఇటు వచ్చాయి. ఆఫీసుల ముందు బోర్డులు రాత్రికి రాత్రే మారాయి గానీ కంప్యూటర్లలో జాబితాలు అంత తొందరగా మారవు. మాచర్ల చిరునామా ఒక ఫైల్లో గుంటూరు జిల్లా, ఇంకో ఫైల్లో పల్నాడు జిల్లా. ఇంగ్లీషులో గురజాలను కొందరు 'జెడ్'తో రాస్తే కొందరు 'జె'తో రాస్తారు. నరసరావుపేట చివర 'ఎ' అక్షరం పెట్టాలో వద్దో ఎవరిష్టం వారిది. వీటి మధ్య కదలకుండా నిలిచింది పిన్ కోడ్: నరసరావుపేట 522601, మాచర్ల 522426, గురజాల 522415. జాబితాలు కలపాల్సి వస్తే జిల్లా పేరు కంటే ముందు దాన్ని పట్టుకోవడం మేలు.

వేర్వేరు చోట్ల రాసిన లెక్కల్ని ఒకచోట చేర్చి పొంతన చూడటం ఈ నేలకు కొత్త కాదు. కరణం రాసిన అడంగల్, శిస్తు లెక్కలు ఏటా జమాబందికి వెళ్లేవి. ఊరి లెక్కనూ తాలూకా లెక్కనూ పక్కపక్కన పెట్టి, తేడా వచ్చిన చోట ఆపి అడిగేవారు. 1984లో కరణీకం రద్దయింది. ఫసలీ మాత్రం భూమి రికార్డుల్లో ఇంకా బతికే ఉంది. జులై 1న మొదలై జూన్ 30తో ముగిసే ఆ ఏడాది లెక్కలో పల్నాడు జిల్లా పుట్టింది 1431 ఫసలీలో. 2021 జులైలో సాగైన పొలం, 2022 ఏప్రిల్‌లో వచ్చిన జిల్లా, రెండూ ఒకే ఫసలీ. ఈ సంగతి తెలియని సాఫ్ట్‌వేర్ వాటిని రెండు వేర్వేరు సంవత్సరాల కింద వేస్తుంది.

ఇప్పుడు ఆ జమాబంది పని చేసేవే డేటా ఇంటిగ్రేషన్ సాఫ్ట్‌వేర్లు. ఎక్సెల్ షీట్లు, ఫీజుల లెక్క, హాజరు యంత్రం ఇచ్చే ఫైలు ఇలా ఎక్కడెక్కడివో తెచ్చి, శుభ్రం చేసి, ఒక డేటాబేస్‌లో పెడతాయి. చాలాకాలం మనవాళ్లు వీటిని నేర్చుకున్నది సెంట్ఓఎస్ అనే లైనక్స్ మీద టాలెండ్ ఉచిత వెర్షన్ వేసుకుని. ఆ రెండు తలుపులూ ఒకే ఏడాది మూసుకున్నాయి. 2024 జనవరి 31న టాలెండ్ ఓపెన్ స్టూడియో ఆగిపోయింది, జూన్ 30న సెంట్ఓఎస్ 7కు భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. అయినా పాత పాఠాలు చూసి ఇవాళ్టికీ ఆ జంటనే ఎక్కించేవాళ్లున్నారు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఉబుంటు 24.04 మీద అపాచీ నైఫై సరిపోతుంది. అమెరికా నిఘా సంస్థ ఎన్ఎస్ఏ లోపల పుట్టి, 2014లో బయటి ప్రపంచానికి తెరుచుకున్న సాఫ్ట్‌వేర్ ఇది. రోజుకు ఒక్క ఫైలు కలపాల్సిన ఆఫీసుకు ఇంత సరంజామా అక్కర్లేదని కూడా చెప్పాలి. పైథాన్‌లో నలభై వరుసలు రాసి, రాత్రి రెండింటికి నడవమని క్రాన్‌కు చెబితే చాలు.

నైఫై దించుకోవడం, జిప్పు విప్పడం పావుగంట పని. పనితనమంతా దానికి ముందూ వెనకా ఉంటుంది. ముందుగా దించిన ఫైలుకు అపాచీ వాళ్లిచ్చిన చెక్‌సమ్ సరిపోయిందో లేదో చూడాలి. నెట్ మధ్యలో తెగితే సగం ఫైలు కూడా పూర్తి ఫైల్లాగే కనిపిస్తుంది. తర్వాత జావా. నైఫై రెండో వెర్షన్‌కు జావా 21 ఉండాలి, ఉబుంటు భాండారంలోనే అది దొరుకుతుంది. ఆపై సాఫ్ట్‌వేర్‌కంటూ లాగిన్ హక్కు లేని ఒక యూజర్‌ను సృష్టించి, నైఫైని 'ఆప్ట్' డైరెక్టరీలో పెట్టి, దాన్ని ఆ యూజర్‌కే అప్పజెప్పాలి. రూట్‌గా నడిపితే అన్నీ సులువుగా నడుస్తాయి, అందుకే చాలామంది అలాగే వదిలేస్తారు. ఏదో ఒక రోజు తప్పు డైరెక్టరీని ఖాళీ చేసే ఆదేశం కూడా అంతే సులువుగా నడుస్తుంది.

ఫైళ్ల పరిమితి దగ్గర అనుభవం ఉన్నవాళ్లు కూడా తడబడతారు. ఒక ప్రోగ్రామ్ ఒకేసారి 1,024 ఫైళ్లు తెరవొచ్చన్నది లైనక్స్ మామూలు హద్దు. నైఫైకి 50,000 దాకా ఇవ్వమని దాని మాన్యువల్ చెబుతుంది. 'లిమిట్స్' ఫైల్లో ఆ అంకె రాసేసి పని అయిపోయిందనుకుంటారు. సిస్టమ్‌డీ సర్వీసుగా నడిచేదానికి ఆ ఫైలు వర్తించదు, సర్వీసు ఫైల్లోనే విడిగా రాయాలి. రాశాక మెషిన్‌ను రీబూట్ చేసి, ఎవరూ చెయ్యి పెట్టకుండా నైఫై దానంతటదే లేచిందో లేదో చూడాలి. వేసవిలో కరెంటు పోయి వచ్చే ఊళ్లలో అసలు పరీక్ష అదే. చేపట్టిన ప్రతి ముక్క ఏ దశలో ఉందో నైఫై ముందుగా లాగ్‌లో రాసుకుంటుంది కాబట్టి, డిస్కు బాగుంటే పని ఆగిన చోట నుంచే అందుకుంటుంది.

మొదటిసారి లేచినప్పుడు నైఫై తనే ఒక యూజర్ పేరు, పాస్‌వర్డ్ తయారుచేసి లాగ్ ఫైల్లో రాస్తుంది. వాటిని మార్చి పన్నెండు అక్షరాలకు తగ్గని సొంత పాస్‌వర్డ్ పెట్టుకోవాలి. 8443 పోర్టు మీద ఆ మెషిన్‌కు తప్ప ఎవరికీ కనిపించకుండా ఉంటుంది కదా, పక్క గదిలోంచి తెరవడానికి చాలామంది దాన్ని ప్రపంచానికంతా తెరిచేస్తారు. ఎస్ఎస్‌హెచ్ టన్నెల్ గుండా వెళితే ఆ ముప్పు లేదు.

లోపలికెళ్లాక మొదటి గుంట, ఫైళ్లు తెచ్చే 'గెట్‌ఫైల్' అనే మెట్టు. పేరు చూస్తే ఫైలు చదువుతుందనిపిస్తుంది. సెట్టింగు మార్చకపోతే చదివి, అసలు ఫైలును తీసేస్తుంది. ఉన్న ఒకే ఒక్క కాపీని దీనికి అప్పగించకూడదు. 'లిస్ట్‌ఫైల్', 'ఫెచ్‌ఫైల్' జంట వాడితే అసలు ఫైలు ఉన్నచోటే ఉంటుంది.

తెలుగు జాబితాలైతే ఇంకో మెట్టు ఉంది. డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో కొట్టినవి యూనికోడ్ కావు, డేటాబేస్‌కు అవి అర్థంలేని ఇంగ్లీషు గుర్తులు. ముందే మార్పించాలి. యూనికోడ్‌లోనూ పొల్లు తర్వాత కంటికి కనపడని ఒక గుర్తు చేరుతుంటుంది. 'మస్తాన్' అని ఇద్దరు కొట్టినవి తెరమీద అచ్చం ఒకటే, కంప్యూటర్‌కు ఇద్దరు మనుషులు. కలిపే ముందు ఆ గుర్తును పేర్ల చివర తీసేసే మెట్టు పెట్టుకోవాలి. తేదీలూ అంతే. 05/04/2022 ఏప్రిల్ ఐదో మే నాలుగో తేల్చి చెప్పాలి. జిల్లా పుట్టిన 04/04 ఎటు చదివినా ఒకటే కావడం మన అదృష్టం. సర్వర్ గడియారం యూటీసీలో ఉంటే తెల్లవారుజాము 5:30 లోపు ఎక్కిన వివరాలు ముందురోజు పద్దులో పడతాయి. అందుకే కోల్‌కతా సమయ మండలం పెట్టుకోవడం ఇన్‌స్టలేషన్‌లో భాగమే.

ఇంత చేశాక మిగిలేది బ్యాకప్. నైఫైలో ఈ మెట్లన్నీ కలిపి గీసిన ప్రవాహమంతా 'కాన్ఫ్' డైరెక్టరీలో ఒక చిన్న ఫైల్లో ఉంటుంది, రోజూ దాన్ని వేరే డిస్కు మీదికి పంపాలి. ఆ ఫైలొక్కటే సరిపోదు. డేటాబేస్ పాస్‌వర్డ్లు అందులో గుప్తంగా ఉంటాయి, వాటిని విప్పే తాళం 'నైఫై ప్రాపర్టీస్' ఫైల్లో ఒక వరుసగా ఉంటుంది. తాళం లేకుండా బ్యాకప్‌ను కొత్త మెషిన్ మీద పెడితే ఆ ప్రవాహం లేవదు. ఆఫీసుల్లో బదిలీలు మామూలే కాబట్టి ఆ వరుసను కాగితం మీద రాసి, కవర్లో పెట్టి, కనీసం ఇద్దరి దగ్గర ఉంచాలి.