చిగుళ్ల కబురు ఉమ్మిలో

జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర్నుంచి ఫిల్మ్‌నగర్ వైపు వెళ్తుంటే పంటి డాక్టర్ల బోర్డులన్నీ నవ్వు గురించే మాట్లాడతాయి. స్మైల్ డిజైన్, వెనీర్లు, అలైనర్లు. చిగుళ్ల పేరెత్తే బోర్డు అరుదు. కెమెరాకు కనపడేది పన్నే కదా! చిగుళ్ల వైద్యం నా వృత్తి కాబట్టి ఈ ఫిర్యాదులో కాస్త స్వార్థమూ ఉందనుకోండి.

మా చేతి పనిముట్టు ప్రోబ్. మిల్లీమీటర్ల గీతలున్న సన్నని కడ్డీ. పంటికీ చిగురుకీ మధ్య దించి ఒక్కో పంటికి ఆరు చోట్ల లోతు చూస్తాం. పాతిక గ్రాముల బరువుకి మించి నొక్కకూడదు. అది పుస్తకం చదివితే రాదు, వేళ్లకే తెలియాలి. మూడు మిల్లీమీటర్ల దాకా ఫర్వాలేదు. లోతు నాలుగు, ఐదుకు పోయి రక్తం చిమ్మిందంటే కింద ఎముక సంగతి చూడాల్సిందే.

ఇంత తతంగం లేకుండా ఉమ్మితోనే చిగుళ్ల జబ్బును పసిగట్టే పరీక్ష ఒకటుంది. హెల్సింకీ విశ్వవిద్యాలయంలో టిమో సోర్సా బృందం ఏళ్ల తరబడి ఎమ్‌ఎమ్‌పీ-8 అనే ఎంజైమ్ వెంట పడగా వచ్చింది. చిగురు వాచినప్పుడు అక్కడికి చేరే తెల్ల రక్తకణాలు దీన్ని వదులుతాయి. పన్నును ఎముకకు కట్టి ఉంచే కొల్లాజెన్‌ను అది తెంపుతుంది. అంటే ఇది సాక్షి మాత్రమే కాదు, ముద్దాయి కూడా. దాన్ని అణచడానికే 20 మిల్లీగ్రాముల డాక్సీసైక్లిన్‌కు అమెరికా 1998లో అనుమతిచ్చింది. ఆ మోతాదు క్రిములను చంపదు, ఎంజైమ్ నోరు మాత్రం కట్టేస్తుంది.

పరీక్ష తేలికే. ముందు నోరు కడుక్కుని, తర్వాత ఐదు మిల్లీలీటర్ల శుద్ధజలాన్ని అర నిమిషం పుక్కిలించి కప్పులో ఉమ్మాలి. అందులోంచి కొన్ని చుక్కలు పట్టీ మీద పడితే ఐదు నిమిషాల్లో, కోవిడ్ కిట్‌లో లాగే, గీతలు తేలతాయి. ఎంజైమ్ మిల్లీలీటరుకు 20 నానోగ్రాములు దాటితే రెండో గీత కనపడుతుంది.

నా కుర్చీలో కూర్చున్నవాళ్లకి ఇది పెద్దగా అక్కర్లేదు. పట్టీ ఏ పన్నో చెప్పదు, ఎంత లోతో చెప్పదు. రోగం ఒకటి రెండు పళ్లకే ఉంటే అసలు దొరక్కపోవచ్చు కూడా. దీన్ని ప్యాకేజీలో ఇరికించి బిల్లు పెంచేవాళ్లు వస్తారని నా భయం.

దీని అవసరమంతా సినిమా పనివాళ్లుండే కృష్ణానగర్‌లో ఉంది. జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్, డ్రైవర్లు. రాత్రి షూటింగులు, సిగరెట్లు, గుట్కా, ఆ పైన షుగర్. షుగర్ చిగుళ్లను పాడుచేస్తుంది, పాడైన చిగుళ్లు షుగర్‌ను అదుపులోకి రానివ్వవు. సిగరెట్ తాగేవాళ్లకి రక్తనాళాలు ముడుచుకుపోయి చిగురు నుంచి రక్తం కూడా సరిగా రాదు. అందుకే ఏమీ లేదనుకుంటారు. "టైమ్ ఎక్కడిది మేడమ్, పొద్దున్నే కాల్‌షీట్" అంటారు. ఇంకొందరికి క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయన్న భయం. నిజానికి ఎముక ఎప్పుడో కరిగిపోయి, గారే పళ్లను పట్టుకుని ఉంటుంది. గార తీయగానే పన్ను కదిలితే తప్పు మా మీదికొస్తుంది.

ఆరోగ్య శిబిరాల్లో బీపీ, షుగర్ చూస్తారు, నోరు తెరవమనరు. ఆ బల్ల మీదే ఈ కప్పూ పెట్టొచ్చు. సరే, రెండో గీత పడిందనుకోండి. ఆ లైట్‌మన్ అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత ఆస్పత్రికి వెళ్లి గార తీయించుకు రావడానికి ఒక పూట బేటా (రోజు భత్యం) పోకుండా సెలవిస్తారా అన్నది ప్రొడక్షన్ మేనేజర్‌ని అడగాలి.