మేడమీది జాలి, వీధిలోని మైత్రి

చెన్నై ప్రభుత్వ మ్యూజియంలోని అమరావతి శిల్పాలలో నాళాగిరి దమన ఫలకం పేరెన్నిక గన్నది. దానిని తెలుగులో పరిచయం చేసేటప్పుడు జాలి, దయ, కరుణ అనే మాటలను ఒకదానికి బదులు మరొకటిగా వాడటం కద్దు. శిల్పి మాత్రం అంత ఉదారంగా లేడు.

ఈ వృత్తాకార ఫలకంలో రెండు క్షణాలు ఇమిడి ఉన్నాయి. ఎడమవైపు, దేవదత్తుని ప్రేరణతో విడువబడిన ఏనుగు రాజగృహ వీధిలో జనంపై పడుతున్నది. ఒకడు దాని తొండానికి చిక్కాడు. ఒక స్త్రీ భయంతో వెనక్కి ఒదిగింది. కుడివైపు అదే ఏనుగు బుద్ధుని ముందు మోకరిల్లింది. పైన మేడల గవాక్షాలలోనుంచి కొందరు చూస్తున్నారు.

ఈ గవాక్షాలను అలంకారమని దాటిపోరాదు. జనం ప్రాసాదాలు, ఇంటికప్పులు ఎక్కి చూశారని వినయపిటకంలోని చుల్లవగ్గ చెబుతుంది. వారిలో శ్రద్ధ లేనివారు, అంతటి రూపవంతుడైన శ్రమణుడు ఏనుగు వాతబడనున్నాడే అని వాపోయారట. మన ‘అయ్యో పాపం’కు ఇంతకంటె తగిన సందర్భం దొరకదు. ఆ మాటలో కపటమేమీ ఉండనక్కరలేదు. కాని పలికేవాడు ఏనుగుకు అందని ఎత్తున ఉన్నాడు. పైగా బాధపడేవాడు తన కర్మఫలాన్నే అనుభవిస్తున్నాడన్న ధ్వని ‘పాపం’లో లేకపోలేదు.

బుద్ధుడు ఏనుగుపై ప్రసరింపజేసినది పాళి పాఠంలో ‘మెత్త’, అనగా మైత్రి. దాని కుంభస్థలాన్ని ఆయన కుడిచేత నిమిరాడు. చేతికి అందాలంటే అదే నేలపై నిలబడాలి. మైత్రి పరుల హితాన్ని కోరుతుందనీ, కరుణ పరుల దుఃఖాన్ని తొలగించగోరుతుందనీ 5వ శతాబ్దిలో బుద్ధఘోషుడు విశుద్ధిమార్గంలో వేరుపరిచాడు. కరుణకు క్రౌర్యం దూరపు శత్రువు. దౌర్మనస్యం దగ్గరి శత్రువు. దగ్గరిది కరుణవలెనే కనబడుతుంది గనుక గుర్తించడం కష్టం. మేడమీది వాపోతకు ఈ లక్షణం చక్కగా అతుకుతుంది.

అయితే ఈ వ్యాఖ్యకు శిల్పంలోనే ఒక చిక్కున్నది. చంపవచ్చిన ఏనుగుకు మైత్రి లభించింది. తొండానికి చిక్కినవాని మాటేమిటి? కుడి సగాన్ని మాత్రమే వర్ణిస్తే ఈ ప్రశ్న మరుగున పడుతుంది. శిల్పి దానిని మరుగుపరచలేదు. వలయం ఒక్కటే కావడంవల్ల, ఏనుగు మోకరిల్లిన పిమ్మట కూడా ఆ మనిషి దాని తొండంలోనే వ్రేలాడుతున్నాడు.