వార్తకందని యాకలి

ప్రజాప్రభుత్వమును స్వతంత్రపత్రికలును గల దేశమున ఘోరక్షామము సంభవింపదను మాట నేడు విద్యావంతుల గోష్ఠులలో సిద్ధాంతమువలె చెల్లుచున్నది. ఆచార్య అమర్త్యసేనుగారు పలుతావుల దీనిని నుడివి, 1999లో వెలువడిన 'డెవలప్‌మెంట్ ఆజ్ ఫ్రీడమ్' అను గ్రంథమున మఱింత విశదముగ నిలిపిరి. తరువాత అర్థశాస్త్రజ్ఞులును రాజనీతిశాస్త్రజ్ఞులును పత్రికకును మానవాభివృద్ధికిని గల సంబంధమును లెక్కలతో కొలువ మొదలిడిరి. పూర్వము పత్రికను గూర్చి పొగడ్తలే గాని కొలతలు లేకుండెను. కొలతలు వచ్చుట మంచిదే. వానిలో కొన్నింటిని చదివి మేము సంతసించితిమి, సందేహించితిమి గూడ. ఆ సందేహమును చదువరుల ముందుంచుటయే యీ వ్యాసమునకు పని. మేము బడిపంతులము, గణితపు లోతులలో నీదగలవారము కాము. కాని యీ పరిశోధనలలో కొలువబడుచున్నది బిడ్డల తిండియు చదువును. ఆ రెండును లేని బిడ్డలు ప్రతిదినము మా యెదుట పలక పట్టుకొని కూర్చుందురు గావున నోరు మెదపక తప్పినది కాదు.

సేనుగారి వాదమునకు పుట్టినిల్లు 1943నాటి వంగదేశపు కఱవు. అప్పటికాయన తొమ్మిదేండ్ల బాలుడు. 1981లో ప్రకటించిన 'పావర్టీ అండ్ ఫామిన్స్' అను గ్రంథమున ఆయన తేల్చినదేమనగా, ఆ యేట వంగదేశమున దొరకిన ధాన్యము కఱవులేని 1941నాటికంటె తక్కువ కాదు; తక్కువైనది దానిని కొనగల శక్తి. యుద్ధకాలపు ధరలు మండిపోగా పల్లెలోని కూలివాడును, జాలరియు, చేతిపనివాడును బియ్యపుగింజకు దూరమైరి. చచ్చినవారు 15 లక్షలని ప్రభుత్వ విచారణసంఘము చెప్పెను. 30 లక్షల వఱకని సేనుగారి యంచనా. ప్రభుత్వము దానిని కఱవని ప్రకటించుటకే యొప్పుకొనలేదు. అట్టి వేళ కలకత్తాలోని 'స్టేట్స్‌మన్' పత్రికాధిపతి ఇయాన్ స్టీఫెన్స్ అను ఆంగ్లేయుడు, కొంతకాలము తానును మిన్నకుండి, 1943 ఆగస్టు 22వ తేదీన వీధులలో పడి చచ్చుచున్నవారి ఛాయాచిత్రములను ముద్రించెను. అక్టోబరులో వ్రాసిన సంపాదకీయములు లండను పార్లమెంటు చెవిని కూడ సోకెను. సహాయము కదలినది.

పత్రిక చేయవలసిన పనికి ఇంతకంటె మంచి దృష్టాంతము దొరకదు. అయినను ఆ చిత్రములను తలచుకొనినపుడెల్ల మాకొక విషయము తోచును. అవి కలకత్తా కాలిబాటలమీద తీసిన చిత్రములు. ఆకలి మొదట పుట్టినది అక్కడ కాదు. నెలల తరబడి పల్లెగుడిసెలలో పెరిగి, నడువగలవారు నడచి పట్టణమునకు చేరిన పిమ్మటనే పత్రికకు కనబడెను. నడువలేనివారు ఇండ్లలోనే పోయిరి. స్టీఫెన్స్ సాహసమును తక్కువచేయుట మా యభిప్రాయము కాదు. ఆ సాహసముగల కంటికి కూడ దూరదృష్టి యెంతయో చూపుటకే యిది చెప్పితిమి.

చీనాదేశము మాట తీసికొందము. 1958 మొదలు 1961 వఱకు అక్కడ నడచిన కఱవులో సుమారు మూడుకోట్లమంది చచ్చిరని సేనుగారు చెప్పుదురు. ఇతరులు కొందఱు తక్కువగను, కొందఱు ఎక్కువగను లెక్కించిరి. పల్లెనుండి పైకి పోవు లెక్కలన్నియు పొగడ్తలేయై, నిజము చెప్పు పత్రిక యొక్కటియు లేకపోవుటచే ఆ దారుణము మూడేండ్లు సాగినది. స్వతంత్రభారతమునందు అట్టిది జరుగలేదు. ఇంతవఱకు చెప్పి సభలో చప్పట్లు కొట్టించుకొనువారు పెక్కురు గలరు. కాని జ్యాఁ ద్రేజ్ గారితో కలిసి 1989లో వ్రాసిన 'హంగర్ అండ్ పబ్లిక్ యాక్షన్' అను గ్రంథమున సేనుగారే ఆ చప్పట్లను మధ్యలో ఆపివైచిరి. ఏ విపత్తును లేని సామాన్యపు సంవత్సరములలో మన దేశపు మరణములు చీనామరణములకంటె ఎంత యెక్కువయో లెక్కించి, ఆ యెక్కువను ఎనిమిదేండ్లు కూడినచో చీనా మహాక్షామపు చావులను మించునని వారు చూపిరి. అది ఎవరి పత్రికలోను మొదటిపుట వార్త కాలేదు. సేనుగారి మొదటిమాటను వేయినోళ్ల చెప్పుకొని యీ రెండవమాటను మఱచుట వారికి చేయు గౌరవము కాదు.

ఇక కొలతల సంగతి. టిమొతీ బెస్లీ, రాబిన్ బర్జెస్ అను నిరువురు అర్థశాస్త్రజ్ఞులు 2002లో 'క్వార్టర్లీ జర్నల్ ఆఫ్ ఎకనామిక్స్' పత్రికలో నొక పరిశోధనమును ప్రకటించిరి. 1958 మొదలు 1992 వఱకు మన దేశపు 16 పెద్దరాష్ట్రముల లెక్కలను వారు తీసిరి. పంట తగ్గినపుడు ఏ ప్రభుత్వము ఎన్ని తిండిగింజలను పంచినది, వఱద వచ్చి పైరు పోయినపుడు ఏ ప్రభుత్వము ఎంత సహాయము చేసినది, ఆ రాష్ట్రమున పత్రికల చెలామణి యెంత, ఇవి చూచిరి. పత్రికలు హెచ్చుగ చదువబడుచోట్ల ప్రభుత్వము త్వరగ మేల్కొనుచున్నదని తేలెను. చెలామణి నూటికొకపాలు పెరిగినచో తిండిగింజల పంపకము 2.4 పాళ్లును, ఆపత్సహాయవ్యయము 5.5 పాళ్లును పెరుగుట కనబడెనట. అందులోను ఆంగ్లహిందీపత్రికలకంటె ప్రాంతీయభాషాపత్రికలకే యీ శక్తి మెండు. ఈ చివరిమాట మాకెంత యానందము కలిగించెనో చెప్పనక్కరలేదు. మాతృభాషలో నచ్చుపడిన యక్షరమే అధికారిని కదల్చునని లెక్కలతో రుజువైనది!

అయితే తర్కము చదివినవారికి ఉపాధి యనగానేమో తెలియును. పొగయున్నచోట నిప్పుండును గాని నిప్పున్నచోట నెల్ల పొగయుండదు. ఎఱ్ఱగ కాలిన యినుపగుండులో నిప్పు కలదు, పొగ లేదు. పచ్చికట్టె తోడైననే పొగ. పత్రికను నిప్పనుకొందము, సహాయమును పొగ యనుకొందము. పచ్చికట్టె యేది? చదువగల జనము, చదివి యడుగగల జనము, అడిగినవాని యోటునకు వెఱచు ప్రభుత్వము. ఎన్నికల బలమును ఆ పరిశోధకులు వేఱుగ లెక్కించి, దానికిని ఫలమున్నదని చెప్పిరి. పత్రికవలననే జనము మేల్కొనిరా, మేల్కొనిన జనమువలననే పత్రికలు పెరిగెనా యను నాక్షేపణను కూడ ఊహించి, పత్రికల యాజమాన్యమెవరిదను విషయమును సాధనముగ గొని దానిని దాటజూచిరి. కేరళవంటి రాష్ట్రమున బడి ముందు వచ్చి పత్రిక వెనుక వచ్చినదను తలంపు మాత్రము మమ్ము విడువలేదు.

అంతకంటె పెద్దసందేహము మఱియొకటి కలదు. వారు కొలిచినది పంటనష్టమును, వఱదను. అనగా కంటికి కొట్టవచ్చినట్లు కనబడు నాపదలను. ఆపదలో ప్రభుత్వమును పత్రిక కదల్చునని రుజువైనంతమాత్రమున మానవాభివృద్ధిని పత్రిక కలిగించునని రుజువైనట్లు కాదు. మహబూబుల్ హక్ గారి పూనికతో 1990లో మొదలైన మానవాభివృద్ధి సూచికలో ఆయువు, చదువు, ఆదాయము అను మూడును చేరియున్నవి. ఈ మూడును వఱదవలె ఒక్కరాత్రిలో రావు, పోవు. మన దేశమున అయిదేండ్లలోపు బిడ్డలలో వయసునకు తగిన యెత్తు ఎదుగనివారు 2005–06లో నూటికి 48 మంది. 2019–21 నాటికి 35.5. పదునైదేండ్లలో ఇంత తగ్గుట శుభమే. ఇంకను నూటికి ముప్పదియైదుగురు మిగిలియుండుట ఎంతటి ఘోరము! ఈ బిడ్డ నిన్న బాగుగ నుండి నేడు కుఱచయైనది కాదు. కాబట్టి వానికి తేదీ లేదు. తేదీ లేనిది వార్త కానేరదు.

ఇది మా యూహమాత్రమే కాదు. థామస్ ఐసెన్సే, డేవిడ్ స్ట్రోంబెర్గ్ అనువారు 2007లో ప్రకటించిన పరిశోధనమున 1968 మొదలు 2002 వఱకు లోకమున జరిగిన సుమారు 5,000 ప్రకృతివైపరీత్యములను పరిశీలించి, అమెరికా టెలివిజను వార్తలలో ఏవి చోటుచేసికొన్నవి, ఏవానికి ఆ దేశము సహాయము పంపినది చూచిరి. ఒలింపిక్ క్రీడలు జరుగుచున్నపుడు విపత్తు వచ్చిన దేశము దురదృష్టవంతురాలు. వార్తలలో చోటు తగ్గును, దానితో సహాయమును తగ్గును. అగ్నిపర్వతము బ్రద్దలై యొక్కడు చచ్చినచో వార్తకెక్కుటకు ఎంత యవకాశమో, తిండికఱవునకు అంత యవకాశము లభింపవలెనన్న ఇంచుమించు 40,000 మంది చావవలెనట. ఈ సంఖ్యను చదివి మేము పుస్తకము మూసి కొంతసేపు ఊరకుంటిమి. మంట యెగసినగాని చూడని కన్ను అది. మన పత్రికల కన్ను వేఱని చెప్పుటకు మాకు ధైర్యము చాలదు. దరిద్రమును జరిగిన సంఘటనగ కాక జరుగుచున్న క్రియగ చూడవలెనని పి. సాయినాథుగారు 1996నాటి గ్రంథమున వాదించిరి. ఆయనవలె అత్యంతదరిద్రజిల్లాలలో తిరిగి వ్రాసిన విలేకరులెందఱు?

పత్రిక మెల్లని వ్యాధిని చూడనే చూడలేదా యని చదువరులడుగవచ్చును. చూచిన యుదాహరణ మొకటి కలదు. అది బడికి సంబంధించినది గావున మాకు మిక్కిలి ప్రీతికరము. ఆఫ్రికాఖండమునందలి యుగాండాదేశమున 1991 మొదలు 1995 వఱకు ప్రభుత్వము బడులకు తలసరిగ పంపిన ధనములో సగటున నూటికి 13 పాళ్లే బడులకు చేరెనని రిత్వా రైనిక్కా, యాకోబ్ స్వెన్సన్ అనువారు కనుగొనిరి. మిగిలినది నడుమనే యింకిపోయినది. అటుపిమ్మట ఏ జిల్లాకు ఎంత పంపితిమో ప్రభుత్వము పత్రికలలో ప్రకటించుటయు, ఆ మొత్తమును బడిగోడమీద వ్రాసియుంచుమని శాసించుటయు జరిగెను. 2001 నాటికి ధనములో నూటికి 80 పాళ్లకు పైగ బడులకు చేర సాగెను. పత్రిక దొరకు చోటికి దగ్గఱగ నున్న ప్రధానోపాధ్యాయులకు తమ బడికి రావలసినదెంతో బాగుగ తెలిసియుండెననియు వారు వ్రాసిరి. 2007లో పాల్ హబ్బార్డ్ అను విమర్శకుడు, ఆ కాలముననే ఉచితవిద్య రావడము, ధనవ్యవహారపు పద్ధతులు మాఱుట మొదలగునవి యుండగా కీర్తినంతయు పత్రికకే కట్టబెట్టరాదని ఆక్షేపించెను. ఆక్షేపణ న్యాయమైనదే. ఆ భాగమును తీసివేసినను మిగులు పాఠమొకటి కలదు. అక్కడ అచ్చుపడినది వార్త కాదు, లెక్క. ఎవడు చచ్చెనను మాట కాక, నీకు రావలసినదెంత యను మాట. దానిని చదివినవాడు కంటతడి పెట్టనక్కరలేదు. కాగితము పట్టుకొని కచేరికి పోయి యడిగిన చాలును.

మన నెల్లూరుజిల్లా కథ కూడ యీ దారిలోనిదే. అప్పటికి మేము బడిపిల్లలము. సంపూర్ణాక్షరాస్యతోద్యమపు రాత్రిబడులలో చదివిన స్త్రీలు, తమ వాచకములోనే త్రాగుడువలని నాశనమును చదివి, దూబగుంటలో సారాకొట్టును మూయించిరి. 1992లో ఆ మంట జిల్లా యంతటను, తరువాత రాష్ట్రమంతటను ప్రాకెను. పత్రికలు, ముఖ్యముగ 'ఈనాడు', పుటలు పుటలుగ ఆ వార్తలను మోసినవి. 1993 అక్టోబరులో రాష్ట్రమున సారా నిషిద్ధమయ్యెను. 1995 జనవరిలో సంపూర్ణమద్యనిషేధము వచ్చి 1997లో సడలెను. దీనిని పత్రికాశక్తికి దృష్టాంతముగ చూపువారు కలరు. పత్రిక గాలి విసరినమాట నిజము. అగ్గిపుల్ల గీచినది మాత్రము పలకబలపము పట్టిన కూలియాడుది. ఆమె చదివినది పత్రికను కాదు, పాఠమును; అందు వ్రాసియున్నది తన యింటి సంగతి. చెలామణి లెక్కించు పరిశోధకుని పట్టికలో ఆమె ఎక్కడ కనబడును? పత్రిక కొననిది గదా!

మా సందేహమునకు మూలమైన సంగతి యొకటి చెప్పి విరమింతుము. కొన్నియేండ్ల క్రిందట మేము పనిచేయుచుండిన బడిలో మధ్యాహ్నభోజనము తిని కొందఱు పిల్లలు వాంతులు చేసికొనిరి. దైవవశమున ఎవరికిని ప్రాణాపాయము కలుగలేదు. మఱునాటి జిల్లా పుటలో అయిదు కాలములలో వార్త వచ్చెను. రెండుజీపులలో అధికారులు వచ్చిరి. వంటయింటికి వారములోపల క్రొత్తరేకులు పడెను. పత్రికకు మేము మనసార దండము పెట్టితిమి. ఆ సంవత్సరముననే మా యయిదవతరగతిలో రెండవతరగతి పాఠమును తడబడక చదువలేనివారి పేర్లు వ్రాసి చూడగా సగముకు పైబడిరి. ఇది మా బడి విశేషము కాదు. 2005 నుండి నడచుచున్న 'అసర్' పరిశీలనయందు 2018లో గ్రామముల అయిదవతరగతిపిల్లలలో అట్లు చదువగలిగినవారు ఇంచుమించు సగమే. మహమ్మారి తరువాత 2022లో నూటికి 43 మందియే. ఆ నివేదిక వెలువడిననాడు పత్రికలు దానిని వేయును. మఱునాడు వేఱు వార్త వచ్చును.

మేము వ్రాసిన పేర్ల పట్టికను, భోజనపు వార్త వ్రాసిన విలేకరికే చూపితిమి. ఆయన దుష్టుడు కాడు. మా శిష్యుడు కూడ. పట్టికను శ్రద్ధగనే చదివి తిరిగియిచ్చి, "మాస్టారూ, ఇందులో వార్త ఏముందండీ? నిరుడూ ఇంతే కదా!" అనెను. మాకు వెంటనే బదులు తోచలేదు. ఆ కాగితమిప్పటికిని మా బల్లసొరుగున నున్నది. ఏటేట జూన్ మాసమున దానికి క్రింద క్రొత్తపేర్లు చేర్చుచున్నాము. చదువ నేర్చినవారి పేర్లకు ఎఱ్ఱసిరాతో గీత గీయుచున్నాము.