మెప్పుకు కొలత ఉండాలి

పదవీ విరమణ సభలకు సన్మాన పత్రం రాసిపెట్టమని మిత్రులు అడుగుతుంటారు. ఇష్టంగా రాస్తాను. కలం పట్టేముందు మాత్రం ఒక ప్రశ్న వేస్తాను: ఈయన లేకపోతే మీ ఆఫీసులో ఏ పని ఆగిపోయి ఉండేది? చాలామంది తడుముకుంటారు. ‘మంచి మనిషండీ, అజాతశత్రువు’ అంటారు. ఆ మాట పక్క కుర్చీలో ఆయనకూ సరిపోతుంది. అందుకే మళ్లీ అడుగుతాను.

ఆ ప్రశ్న అడగాలని నాకు నేర్పింది నౌకాదళ చరిత్ర. అమెరికా పసిఫిక్ నౌకాదళాధిపతిగా చెస్టర్ నిమిట్జ్ 1941 డిసెంబర్ 31న పెర్ల్ హార్బర్‌లో ఒక జలాంతర్గామి మీద నిలబడి బాధ్యతలు స్వీకరించాడు. జపాన్ దాడి జరిగి అప్పటికి నెల కూడా కాలేదు. పాత అధిపతి దగ్గర గూఢచార వ్యవహారాలు చూసిన ఎడ్విన్ లేటన్, ఇక తనను ఉంచరనుకున్నాడు. యుద్ధనౌక మీదికి పంపమని తానే అడిగాడు. నిమిట్జ్ వదల్లేదు. జపాన్ సేనాని స్థానంలో నిలబడి ఆలోచించు, వాళ్లు ఏం చేయబోతున్నారో నాకు చెప్పు, అదే నీ పని అన్నాడు. టోక్యోలో ఉండి జపనీస్ నేర్చుకున్న లేటన్‌కు తగిన పని అది.

1942 వసంతంలో జోసెఫ్ రోష్‌ఫర్ట్ బృందం పెర్ల్ హార్బర్‌లోని ఒక నేలమాళిగలో కూర్చుని జపాన్ రహస్య లిపిని కొంత కొంతగా విప్పింది. దాడి ‘ఏఎఫ్’ అనే చోట జరుగుతుందని తెలిసింది. అది మిడ్‌వే దీవేనా? అక్కడ మంచినీటి యంత్రం చెడిపోయిందని మిడ్‌వే నుంచి బాహాటంగా రేడియోలో చెప్పించారు. ఏఎఫ్‌లో నీటి కొరత ఉందని జపాన్ వాళ్లు తమవాళ్లకు సందేశం పంపారు. అనుమానం తీరిపోయింది.

నిమిట్జ్ అంతటితో ఆగకుండా కచ్చితమైన అంచనా కావాలని లేటన్‌ను పట్టుబట్టి అడిగాడు. జూన్ 4 ఉదయం 6 గంటలకు, మిడ్‌వేకు వాయవ్యంగా 325 డిగ్రీల దిశలో, 175 మైళ్ల దూరంలో శత్రువు కనిపిస్తాడని లేటన్ చెప్పాడు. ఆ ఉదయం శత్రువు కనిపించిన వార్త రాగానే నిమిట్జ్ లేటన్‌తో అన్న మాట ఇది: ఐదు నిమిషాలు, ఐదు డిగ్రీలు, ఐదు మైళ్లు, అంతే తేడా. ఆ పోరులో జపాన్ నాలుగు విమానవాహక నౌకలను పోగొట్టుకుంది.

నేను ఎరిగిన మెప్పులన్నింటిలో గొప్పది ఇదే. ఇందులో ఒక్క విశేషణం లేదు. తప్పిన మేరను కూడా లెక్కగట్టి చెప్పడంలోనే, ఆ పనిని నిమిట్జ్ ఎంత శ్రద్ధగా చూశాడో తెలుస్తుంది. పనిని అంత దగ్గరగా చూసినవాడు మెచ్చుకుంటేనే పనిచేసినవాడి మనసు నిండుతుంది.

రోష్‌ఫర్ట్‌ను కూడా నిమిట్జ్ మరచిపోలేదు. గెలుపు ఘనతలో పెద్ద వాటా ఇతనిదేనని తన అధికారుల ముందు చెప్పాడు, పతకానికి సిఫారసు చేశాడు. వాషింగ్టన్ తోసిపుచ్చింది. ఆ ఏడాది చివరికల్లా రోష్‌ఫర్ట్‌ను ఆ పని నుంచే తప్పించారు. 1976లో ఆయన పోయాడు. పతకం 1986లో ఆయన పిల్లల చేతికి వచ్చింది. పైవాళ్లు కాదన్నా, నాయకుడు రాసిపెట్టిన మాట కాగితం మీద మిగిలింది. పనివాడి తరఫున సాక్ష్యం చెప్పడానికి అది పనికొస్తుంది.

లేటన్ పని బయటికి చెప్పకూడనిది. 1945 సెప్టెంబర్ 2న టోక్యో అఖాతంలో మిస్సోరి నౌక మీద జపాన్ లొంగుబాటు సంతకాలు చేస్తుంటే, నిమిట్జ్ అతనిని అక్కడికి పిలిపించుకున్నాడు. నోటితో చెప్పలేని కృతజ్ఞతను అలా చోటిచ్చి చూపించాడు. ఆ నవంబర్‌లో పదవి వదిలిన రోజుకు, ఈ సహచరుడికి చెప్పాల్సింది ఆయన చాలావరకు చెప్పేశాడు.

వీడ్కోలు లేఖ రాసేవారికి నేను చెప్పేది ఇదే. మీ పక్కన ఉండి పని నడిపించినవారు ఏ రోజు, ఏ చిక్కు, ఎలా విప్పారో రాయండి. వారి పేరు పై అధికారులకు చేరేలా రాయండి. చివరి రోజు దాకా ఆగకండి. ఆ పని జరిగిన వారంలోనే మొదటి వాక్యం రాసేయండి.