సూరతు ఆకాశమున పిల్లలకోడి

నక్షత్రమండలముల పుట్టుకను గూర్చి వ్రాయువారు సాధారణముగా రెండు మూలములను చెప్పి విరమింతురు. ఒకటి వైదికవాఙ్మయమందలి నక్షత్రమాల. రెండవది బాబిలోనియా నుండి గ్రీకుల మీదుగా వచ్చిన ద్వాదశరాశులు. ఈ రెండవదానికి వరాహమిహిరుని బృహజ్జాతకమే సాక్ష్యము. మేషమునకు క్రియ, వృషభమునకు తావురి అను గ్రీకు పేర్లను ఆయన సంస్కృతమున నిలిపినాడు. మూడవ మూలమొకటి కలదు. అది పల్లెజనుల నోటిలోని పేరు. దానిని సాహిత్యముగా నెంచవలెనా, పామరుల మాటగా విడువవలెనా అన్నదే విమర్శకుని ముందున్న ప్రశ్న.

కృత్తికలనే తీసికొనిన విషయము తేటపడును. శతపథబ్రాహ్మణము వానిని తూర్పుదిక్కు నుండి తొలగనివి అన్నది. పురాణములు కుమారస్వామికి పాలిచ్చిన ఆరుగురు తల్లులన్నవి. గ్రీకులకు వారు అట్లాసు కుమార్తెలు ఏడుగురు. తెలుగు పల్లెలో అది పిల్లలకోడి. ఫ్రాన్సు, ఇటలీ దేశముల రైతులును, థాయి జనులును ఆ గుంపులో కోడినో కోడిపిల్లలనో చూచిరి. ఒకరి నుండి ఒకరు ఎరువు తెచ్చుకొనిరని తలపనక్కరలేదు. పెరటిలో కోడిని పెంచిన ఇల్లాలికి ఆ పోలిక తానై తోచును. పురాణకథలో ఒక బిడ్డకు పెక్కుమంది తల్లులు. పల్లె పేరులో పెక్కు బిడ్డలకు ఒక తల్లి. భావము రెంటను వాత్సల్యమే. అట్టిచో ఒకటి కావ్యము, మరియొకటి అజ్ఞానము ఎట్లగును?

మృగశిర సంగతియు ఇట్టిదే. ఐతరేయబ్రాహ్మణమున లేడి రూపు దాల్చిన ప్రజాపతిని రుద్రుడు బాణముతో కొట్టెను. గుజరాతీ జానపదులు నేటికిని అచట లేళ్లనే చూతురు. గోండులు ఆ వరుసలోని మూడు చుక్కలను విత్తనపు గొర్రు అందురు. సప్తర్షులలో నాలుగు చుక్కలు వారికి ముసలమ్మ మంచము. తక్కిన మూడు ఆ కోళ్లను దొంగిలింపవచ్చిన దొంగలు. పోలిక కంటిలో పుట్టదు, చేతిపనిలో పుట్టును.

ఈ ప్రశ్న సూరతున మరింత పదునెక్కుచున్నది. 17వ శతాబ్దిలో ఈ తాపీతీరపు రేవుకు వచ్చిన అరబ్బు నావికులకు కృత్తికలు సురయ్యా. నేడచట వరంగల్లు, నల్లగొండ ప్రాంతముల నుండి వలసవచ్చిన పద్మశాలీలు మరమగ్గములపై పని చేయుచున్నారు. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమమున పాఠశాలలను నడుపుచున్నది. కాని రేయింబవళ్లు మగ్గమాడు పేటలో, దీపకాంతి కమ్మిన ఆకాశమున, పిల్లలకోడిని బిడ్డకు చూపించు తీరిక ఎవరికి? అంతర్జాతీయ ఖగోళసంఘము 1922లో 88 మండలముల పట్టికను అంగీకరించినది. 1930లో వాని ఎల్లలు స్థిరపడినవి. శాస్త్రమునకది అవసరము. కాని ఆ పట్టిక పల్లె పేర్లను తుడిచివేయలేదు. వానిని బిడ్డలకు చెప్పకుండుటయే తుడిచివేయుచున్నది.

అనువాదకుని బాధ్యతయు ఇచటనే ఉన్నది. పిల్లలకోడిని గుజరాతీలోనికి కృత్తిక యని మార్చినచో చుక్కలు చేరును, కోడి చేరదు. సూరతు కవి నర్మదుడు నర్మకోశమును 1873లో పూర్తిచేసి, ఒంటిచేతితో ఒక భాష మాటలను కూర్చవచ్చునని చూపినాడు. ఆ ఊరి తెలుగు పేటలలోని వృద్ధుల నోట నిలిచిన చుక్కల పేర్లను కూర్చుటకు అంత శ్రమయు అక్కరలేదు. మేడపైకెక్కి, వారిని అడిగి, విన్నది విన్నట్లు వ్రాసికొనిన చాలును. ఆ పని వారుండగనే జరుగవలెను.