తోటమాలి మాట

మొక్క చెప్పమంటే మా తోటమాలి ముందు గోడ ఎటువైపుందో అడుగుతాడు. పడమటి ఎండ పడుతుందంటే గులాబీ ఊసెత్తనివ్వడు. కాగితంపూలు పెట్టుకోండి, నీళ్లు మరిచిపోయినా అలగవు అంటాడు. మల్లె దగ్గర మాత్రం కఠినుడు. డిసెంబరులో నీళ్లు ఆపేసి, కొమ్మలు కత్తిరించి, ఆకంతా దూసేస్తాడు. మోడైన పొదను చూసి మా అమ్మ మూడ్రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఎండలు ముదిరేసరికి చేటెడు మొగ్గలు!

సెలవులకి ఎక్కడికెళ్దామన్నా ఆయన నోట ఒకటే ఊరు, రాజమండ్రి పక్కన నర్సరీల కడియపులంక. చలికాలంలోనే వెళ్లాలట. మొదటిరోజు ఏమీ కొనకుండా, అంటుకట్టే చేతుల్ని చూస్తూ కూర్చోవాలట. సాయంత్రం ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గోదావరి గాలి. తిరుగు ప్రయాణంలో ఒక్కటే సంపెంగ అంటు తెచ్చుకోవాలి, అంతకుమించి ఆశపడకూడదు. పోయినసారి ఆయన పద్నాలుగు తెచ్చాడు.