తాళ్లపాకవారి మూలము – ఇరుగుపొరుగుల సాక్ష్యము

వంశమూలమును వెదకువారు సాధారణముగా తండ్రి నుండి తాతకు, తాత నుండి ముత్తాతకు నిచ్చెన మెట్లెక్కినట్లు పోవుదురు. మెట్టు విరిగినచోట పరిశోధనయు ఆగిపోవును. అట్టి తావున ఆ వ్యక్తిని కొంతసేపు విడిచి, అతని పొరుగువారిని, గురువులను, బంధువులను, అతనితో లావాదేవీలు జరపినవారిని ప్రశ్నింపవలెనని మా అభిప్రాయము.

తిరుచానూరే ఇందుకు మంచి ఉదాహరణము. తిరుమలలో వెండి భోగశ్రీనివాసమూర్తిని సమర్పించిన సామవై శాసనమును కొందరు క్రీ.శ. 614 నకును, కొందరు 966 నకును చేర్చిరి. మూడున్నర శతాబ్దుల అంతరము! రాజు పేరొక్కటే పట్టుకొని వాదించినంతకాలము ఈ చిక్కు విడదు. ఆమె ఇచ్చిన భూమి తిరుచుకనూరు, అనగా నేటి తిరుచానూరు, సభవారితో ముడిపడినది. గ్రామసభలు ఇట్లు భూవ్యవహారములు నడపుట తొండైమండలమున పల్లవుల తుదికాలమునను చోళుల కాలమునను విరివిగా కానవచ్చును. కావున మా మొగ్గు రెండవ తేదీ వైపే.

తాళ్లపాకవారి విషయమున చిక్కు వేరు. ఇచట సాక్ష్యము తక్కువ కాదు. ఉన్న సాక్ష్యమే దారి తప్పించును. తిరుమలలోని తమిళ శాసనములలో అన్నమాచార్యుల కుమారుడు పెదతిరుమలాచార్యుడు 'తిరుమలై అయ్యంగార్'గా కనబడును. ఊరు 'తాళ్లపాక్కం' అయినది. ఇది చూచి, ఆ కుటుంబము తమిళదేశము నుండి వచ్చినదని మా తరగతిలో ఒక విద్యార్థి వ్రాసితెచ్చెను. ఆ శాసనము వరకే చూచినచో అతని ఊహను కాదనుట సులభము కాదు.

చుట్టుపట్ల చూచినప్పుడే పొరపాటు తెలియును. తాళ్లపాకవారు నందవరీకులు, ఆ శాఖ పేరు కర్నూలు సీమలోని నందవరమును చూపును. ఇక 'అయ్యంగారు' అన్నది పుట్టుకతో వచ్చినది కాదు, సహవాసముతో వచ్చినది. అన్నమయ్యకు తిరుమలలో వైష్ణవ సంస్కారము చేసినవాడు ఘనవిష్ణువు. అహోబిలమున వేదాంతము చెప్పినవాడు ఆదివన్ శఠకోపయతి. బిరుదము గురువుల జాడ తెలుపును, తాతల జాడ తెలుపదు. ఈ రెంటిని కలిపి చదువుటయే పెక్కు వ్యాసములలోని దోషము.

తాతల జాడకు చిన్నన్న రచించిన 'అన్నమాచార్య చరిత్రము' ఆధారము. మనుమడు తాతను గూర్చి వ్రాసిన ద్విపద కావ్యమగుటచే అందు భక్తి హెచ్చు. అందుచేత దీనిని చరిత్రగా గైకొనరాదని కొందరందురు. మేమంత దూరము పోము. అన్నమయ్య తాత నారాయణయ్య చిన్ననాట చదువునకై ఊటుకూరు పోయెననియు, చదువు రాక విసిగి చింతలమ్మ గుడిలోని పాముపుట్టలో చేయి పెట్టెననియు, ఆ దేవత ప్రత్యక్షమై మూడవ తరమున హరిభక్తుడు పుట్టునని ఊరడించెననియు కథ. అద్భుతమును పక్కన పెట్టుడు. పరమవైష్ణవుడైన కవి తన వంశకీర్తికి ఒక గ్రామదేవతను కల్పించి తెచ్చుకొనవలసిన అవసరమేమి? కవి అభిమానమునకు ఎదురు నడచు వివరమే ఎక్కువ నమ్మదగినది. తాళ్లపాక, ఊటుకూరు, టంగుటూరు మూడును రాజంపేట ప్రాంతమునందే కలవు. ఆ కుటుంబము కొన్ని క్రోసుల మేర బంధుత్వములతోను పరిచయములతోను అల్లుకొని బ్రదికినదని దీనివలన తేలుచున్నది.

ఆ టంగుటూరే సాళువ నరసింహునితో చెలిమికి నెలవు. 1485లో విజయనగర సింహాసనమెక్కిన ఆ ప్రభువును విమర్శకులు అన్నమయ్యకు ఆశ్రయదాతగనే చూచిరి. కావ్యము చెప్పునది మొదట పొరుగుచెలిమి, కొలువు తరువాతిది. ఇట్లు చదివినచో పెనుగొండ ఘట్టమున రాజు తనపై కూడ అట్టి పదము చెప్పుమని కోరుట రాజాజ్ఞగా గాక, పాత చనువుతో అడిగిన కోరికగా తోచును. అన్నమయ్య కాదనుటయు, రాజు సంకెల వేయించునంత కోపించుటయు అప్పుడే సహజములగును. పరాయివాని నిరాకరణము అంత నొప్పింపదు.